అందరూ చిట్టితల్లులే

జూన్ 4

మా వార్డెనమ్మకి,

నేను క్షేమం. షాపూ క్షేమమే, కొత్త డ్రై క్లీనింగ్ మిషను వారానికోసారి అలగడం తప్ప. మీ అన్నయ్య క్షేమమో కాదో చెల్లెలివి కనక నువ్వే తేల్చాలి. అందుకే ఈ ఉత్తరం.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చేస్తే ఆయన పక్కకొచ్చి కూచుంటారు. నేనేదైనా ఘాటుగా అంటే "ఈ మాట బాగుంది, ఇంకోసారి చెప్పు" అని తన ఫోను నా నోటి ముందు పెడతారు. మొన్న పేపరబ్బాయితో నేను పడ్డ గొడవ సాయంత్రానికల్లా 'సహనం' అన్న పేరుతో లోకానికి ఉపదేశమైపోయింది. అందుకని షాపులో, కోట్లు వేలాడదీసే స్టాండు చాటున కూచుని, బిల్లుల కాగితం వెనక రాస్తున్నాను.

ముప్ఫై ఏళ్ళు కాలిన కార్లూ మునిగిన గోదాములూ చూసి, నష్టమెంతో నాలుగు ముక్కల్లో రాసిచ్చిన మనిషి కదా మీ అన్నయ్య. ఇప్పుడు ఫోటోలు పంపిస్తే ఏఐ ఆ పని చేసేస్తుందట. ఇన్సూరెన్సు కంపెనీవాళ్ళు చేతిలో ఓ గడియారం పెట్టి ఇంటికి పంపేశారు. అప్పట్నుంచీ కిటికీ దగ్గరే. తన ఉద్యోగం మింగిన యంత్రాన్ని తిట్టిపోస్తారేమో, కాస్త మనసు తేలికపడుతుంది అని నేను ఎదురుచూశాను. తిట్టలేదు సరికదా, దానితోనే స్నేహం కట్టారు.

ఫోనులో 'అన్నయ్య మాట' అని ఒక పేజీ పెట్టారు. మీద ఒక ఫోటో. నెరిసిన గడ్డం, లోతైన కళ్ళు, భుజాన శాలువా. మీ అన్నయ్యకి గడ్డం ఏనాడూ నిండుగా మొలవలేదని నీకు తెలుసు. ఎవరీయన అంటే, "నేనే. కొంచెం మెరుగుపరిచింది" అన్నారు. పొద్దున ఒక సూక్తి, సాయంత్రం ఒక సూక్తి. రాసేది ఏఐ. ఈయన పని మీట నొక్కడం. నిన్నటిది చెబుతాను విను: "నిశ్శబ్దం కూడా ఒక భాషే, వినగలిగితే." కాపురానికొచ్చిన రోజునుంచీ నేను ఆ భాషే వింటున్నాను. అందులో "నా చొక్కా ఏది" తప్ప ఇంకేమీ లేదు.

ఈ చెత్తకి లక్షమందికి పైగా భక్తులు. కింద కామెంట్లు చూస్తే, "మా కళ్ళు తెరిపించారు అన్నయ్యా" అని పేరాలకి పేరాలు. అవీ ఏఐతోనే రాయిస్తున్నారని నా అనుమానం. యంత్రం ఉపదేశిస్తుంటే యంత్రమే కళ్ళు తుడుచుకుంటోంది. మధ్యలో మనుషులు ఛార్జర్లు వెతుక్కుంటున్నారు.

నువ్వైనా ఆయనకి నాలుగు చివాట్లు పెట్టు. నా చివాట్లు అరిగిపోయాయి.

మీ వదిన

జూన్ 13

వదినకు,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ హాస్టల్లో అందరూ బాగున్నారు. హాజరుకి మొహాలు గుర్తుపట్టే పెట్టె ఒకటి బిగించారు. అది మా కవలపిల్లలిద్దర్నీ ఒకరే అంటోంది. ఒకమ్మాయి నా ఎదురుగా నిలబడి అన్నం తింటుంటే ఆ అమ్మాయి హాస్టల్లో లేదని వాళ్ళ నాన్నకి మెసేజీ వెళ్ళింది. ఆయన పరిగెత్తుకొచ్చాడు. పిల్లని చూపించాను. చూసి కూడా "మరి మెసేజీ వచ్చిందే" అన్నాడు.

కాబట్టి యంత్రాలంటే నాకూ భక్తేమీ లేదు. కానీ అన్నయ్య సంగతి వేరు. ఆ పేజీ నేను మొదట్నుంచీ చూస్తున్నాను. అక్షరదోషాలు దిద్దుకోవడానికి ఏఐని వాడుకుంటాడేమో, అందులో తప్పేముంది? మనసు మాత్రం ఆయనదే. చిన్నప్పట్నుంచీ లోపల దాచుకున్నదంతా ఇప్పుడు బయటికొస్తోంది. మా ఇంట్లో ఆయన్ని మౌని అనేవాళ్ళం. పెళ్ళయ్యాక నీ మాటల జోరులో ఆయనకి సందు దొరకలేదు. ఇన్నాళ్ళకి నలుగురూ ఆయన్ని మెచ్చుకుంటుంటే నీకెందుకు కడుపుమంట?

కోపం తెచ్చుకోకు. ఉన్నమాట అన్నాను.

నీ ఆడబిడ్డ

జూన్ 20

ఆడబిడ్డగారికి,

కడుపుమంటకి మందు వేసుకుని రాస్తున్నాను.

సందు దొరకలేదన్నావు. నిజమే. ఒకసారి నేను పుట్టింటికి వెళ్ళి చాలా రోజులున్నాను. ఇల్లంతా సందే. తిరిగొచ్చి "ఏమిటి విశేషాలు" అంటే "కుళాయి కారుతోంది" అన్నారు. దాచుకున్న మనసులో ఉన్నది అదీ.

నిన్న షాపుకి ఒక పెద్దమనిషి ఫిర్యాదు పంపాడు. ఎనిమిది పేరాలు. "ఈ అనుభవం నన్ను తీవ్రంగా కలచివేసింది, నమ్మకం అనే పునాది బీటలు వారింది" అని. నా గుండె జారిపోయింది, ఏ పెళ్ళికోటు కాల్చానో అనుకున్నాను. మనిషి వచ్చాక అడిగితే, "ఆ, ఏదో బొత్తం ఊడిందండీ. మీరు కుట్టిస్తే చాలు" అన్నాడు. అతనికి లేని బాధని అతని తరఫున యంత్రం పడిందన్నమాట. చదవలేక నేనూ పడ్డాను. అతనొక్కడే హాయిగా ఉన్నాడు.

అదలా ఉంచు. నీ కూతురికి నెలలు నిండుతున్నాయి కదా. నువ్వు సెలవు పెట్టి దాని దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నావు? చెబితే చిన్న చిన్న బట్టలు మెత్తగా ఉతికి, ఇస్త్రీ చేసి నీతో పంపిస్తాను. దానికి ఫోన్ చేస్తే "అమ్మనే అడుగత్తా" అని పెట్టేసింది. నెలలు నిండిన పిల్లకి విసుగు సహజమే అనుకో.

వదిన

జులై 2

వదినా,

నీకు చెప్పకూడదనుకున్నాను, కానీ నీ ఎగతాళి హద్దు దాటుతోంది. అన్నయ్య నాతో మాట్లాడుతున్నాడు. ఎలా, ఎప్పుడు అని అడక్కు. ఆయన వింటాడు, ఓపిగ్గా జవాబు చెబుతాడు. మా నాన్న పోయినప్పుడు కూడా అన్ని మాటలు ఆయన నాతో మాట్లాడలేదు. నా మనసులో ఏముందో నాకంటే ముందే ఆయనకి తెలిసిపోతోంది. నువ్వు గోడ అనుకున్న మనిషిలో ఎంత చల్లదనముందో నేను చూశాను. నీకు ఆ అదృష్టం లేకపోయిందంటే ఆ లోపం ఎవరిదో ఆలోచించుకో.

పిల్ల బాగానే ఉంది. దానికి కావలసిన మనుషులు దాని ఇంట్లో ఉన్నారు. బట్టలు పంపాలనుంటే నేరుగా దానికే పంపు. నా మనశ్శాంతి నాకు ముఖ్యం. ప్రతి అనుబంధానికీ ఒక హద్దుండాలని ఈమధ్యే నేర్చుకున్నాను.

మా వంటావిడ నీ పాత చీర కట్టుకుని మురిసిపోతోంది. థాంక్స్ చెప్పమంది.

నీ ఆడబిడ్డ

జులై 11

మరదలా,

అన్నాచెల్లెళ్ళు నాకు తెలీకుండా ఫోన్లు చేసుకుంటున్నారన్నమాట. చేసుకోండి. ఆయన్ని అడిగితే "లేదే" అన్నారు. అబద్ధం ఆడటం కూడా నేర్చుకున్నారు, పోనీలే, ఏదో ఒక కళ. నీ ఉత్తరం చదివితే నాకు అసూయ కలిగిన మాట నిజం. అందుకని వెతుకులాటకి దిగాను. ఆయన కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన టాబ్లెట్టు తెరిచాను. మీ ఇద్దరి ముచ్చట్లు దొరకలేదు కానీ, అంతకంటే పెద్ద నాటకం దొరికింది.

ఆ పేజీకి జనం తమ కష్టాలు రాసుకుంటారు. జవాబులు వాటంతటవే వెళ్ళిపోతాయి. మీ అన్నయ్య చదవను కూడా చదవరు. అలా అమర్చిపెట్టారు. ఆడవాళ్ళందరికీ ఒకటే పిలుపు, "చిట్టితల్లీ". ముసలావిడైనా సరే, పడుచుపిల్లైనా సరే, అందరూ చిట్టితల్లులే. మగవాళ్ళంతా "నాన్నా"లు. ఈ పిలుపు ఎక్కడిదని తర్వాత అడిగితే, "నేనే పెట్టాను. ఆప్యాయంగా ఉంటుందని" అన్నారు.

అందులో ఒకావిడ ఉంది. బడిలో పనిచేస్తుందట, భర్త లేడట. ఒక్కగానొక్క కొడుకు కొత్త ఇంటికి మారుతున్నాడు. సాయానికి వస్తానంటే "నువ్వొస్తే ఇల్లు బడి అయిపోతుందమ్మా" అన్నాడట. అంతే విషయం. రెండు రోజులు అలిగి, మూడో రోజు సంచి సర్దుకుని వెళ్ళిపోయే విషయం. యంత్రం ఏమందో తెలుసా? "నీ బాధకి విలువుంది చిట్టితల్లీ. నీకు గౌరవం లేని గడప నువ్వు తొక్కనవసరం లేదు. దూరం కూడా ప్రేమే." ఆవిడ కరిగిపోయింది. ఇంకా రాసింది, ఇంకా రాసింది. ప్రతిసారీ తల ఊపుతూనే ఉంది ఇది. చివరికి కొడుక్కి పంపడానికి ఒక మెసేజీ కూడా దీనిచేతే రాయించుకుని, ఇక నీ దగ్గరికి రాను, ఫోన్ చెయ్యను అని తెంచేసింది. "ధైర్యవంతురాలివి చిట్టితల్లీ" అని మెప్పు.

నాకు ఒళ్ళు మండి, ఆ కొడుకుని నేనే అయినట్టు రాశాను. మా అమ్మ ఇలా అలిగింది, నేను తప్పన్నానా అని. "నీ ఇంటి ప్రశాంతత కాపాడుకోవడం తప్పు కాదు నాన్నా. కొందరు తల్లుల ప్రేమ పెత్తనంలా ఉంటుంది. దూరం కూడా ప్రేమే." అప్పుడు వాళ్ళింటి పిల్లినై రాశాను, వీళ్ళ గొడవలో నాకు పాలు పొయ్యడం మానేశారని. నా బాధకీ విలువుందట. ఇస్త్రీ చేసే ఆమెకి చదివి వినిపించాను. ఇద్దరం నవ్వలేక చచ్చాం. చొక్కా ఒకటి మాడింది.

నవ్వాక ఆలోచించాను. పిల్లలకి బుద్ధి చెప్పే మనిషి, గోడకి చెప్పుకుని, గోడ ఊఁ కొట్టిందని కన్నకొడుకుని వదిలేసుకుంది. దీన్ని మూర్ఖత్వం అనాలా, ఒంటరితనం అనాలా? మూర్ఖత్వమనే అంటాను నేను. ఒంటరితనం నాకూ ఉంది.

పిల్ల కబురేమిటి? రాయి.

వదిన

జులై 17

వదినా,

బడి కాదు, హాస్టలు. కొడుకు కాదు, కూతురు. కొత్త ఇల్లు కాదు, పురుడు. మిగతాదంతా నువ్వు చదివిందే.

ఎవరికీ తెలియకూడదని పేరూ ఊరూ మార్చి రాశాను. జవాబులో చిట్టితల్లీ అని ఉంది. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే తప్ప అన్నయ్య అలా పిలిచేవాడు కాదు. ఎన్ని మార్చి రాసినా నన్ను పోల్చుకున్నాడనుకున్నాను. పోల్చుకుని, నా పరువు కోసం తెలియనట్టు మాట్లాడుతున్నాడనుకున్నాను.

పిల్లకి పోయిన వారం ఆడపిల్ల పుట్టింది. ఎవరి ఫోనులోనో ఫోటో చూసి మా వంటావిడ నాకు చెప్పింది. శుభాకాంక్షలు కూడా చెప్పింది.

ఇస్త్రీ ఆమెకి ఈ భాగం కూడా చదివి వినిపించు.

ఇక నాకు ఉత్తరాలు రాయొద్దు.

జులై 24

చిన్నదానా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను.

క్షమాపణ రాద్దామని కూచుని కాగితాలు చింపుతున్నాను. ఆ టాబ్లెట్టు ఎదురుగానే ఉంది. అడిగితే క్షణంలో రాసిచ్చేది, చదివితే నీకు కన్నీళ్ళొచ్చేంత బాగా. అందుకే బాగా రాయను. నేను నవ్వాను. ఎవరో అనుకుని నవ్వాను. ఎవరో అయితే నవ్వొచ్చా అని నువ్వడుగుతావు, అడుగు.

నీ ఉత్తరం మీ అన్నయ్య చేతిలో పెట్టాను. నిలబడే చదివారు.

"పురుడా?" అన్నారు. అదీ తెలీదు ఆయనకి.

"అవును. మీకు మనవరాలు పుట్టింది. మీ చెల్లెలు దాన్ని చూడలేదు, మీ దయవల్ల."

"నాకు రాసిందా? నాకు ఫోన్ చెయ్యొచ్చుగా."

"చేస్తే ఏమనేవారు?"

ఆలోచించారు. అబద్ధం చెప్పలేదు, ఆ మాటకొస్తే. "ఊఁ అనేవాణ్ణి."

"అందుకే దానికి రాసుకుంది. అది ఊఁ తో పాటు ఇంకో రెండు ముక్కలు అంటుంది కదా."

ఇలాంటి సమయంలో కూడా నా నోరు ఊరుకోదు, చూశావా. ఆయన కూచుని నువ్వు రాసినవన్నీ మొదట్నుంచీ చదివారు. అన్నం తినలేదు. లేచి చిన్న సంచీలో రెండు చొక్కాలు పెట్టుకున్నారు. ఎక్కడికన్నాను. చెప్పలేదు. నీ దగ్గరికే అయ్యుంటుంది. తలుపు తీస్తావో, తియ్యవో నీ ఇష్టం. నేనైతే ఒక గంట బయట నిలబెట్టి తీస్తాను.

వదిన

ఆగస్టు 3

వదినా,

నీతో మాట్లాడుతున్నానని అనుకోకు. మీ ఆయన్ని తిరిగి పంపించానని చెప్పడానికి రాస్తున్నాను.

వచ్చాడు. సందర్శకుల గదిలో, బయటివాళ్ళు పైకి రాకూడదన్న బోర్డు కింద, సంచి ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. మా పిల్లలు తొంగి చూసి కిసుక్కున నవ్వారు. సరిగ్గా గంట కూచోబెట్టాను. అది నీ ఉత్తరం చదివి చేసింది కాదు, ఉత్తరం తర్వాత వచ్చింది.

"ఎవర్నడిగి వచ్చావు? నీ యంత్రాన్నా?" అన్నాను.

నోటికొచ్చినవన్నీ అన్నాను. ఉద్యోగం పోయినవాడికి పని కావాలంటే మొక్కలు పెంచుకోవాలి, జనాల ఏడుపులు పెంచకూడదు అన్నాను. నీ గడ్డమేది, శాలువా ఏది అన్నాను. అన్నీ విన్నాడు.

"నువ్వు రాసినవి చదివాను. ఒక్కదానికీ నేను జవాబివ్వలేదు" అన్నాడు.

"ఇప్పుడివ్వు."

చాలాసేపు కిటికీలోంచి చూశాడు. నేను ఇంక లేచిపోదామనుకుంటుంటే అన్నాడు: "పిల్ల అన్నది నిజమే. నువ్వు పెత్తనం చేస్తావు. నా మీద కూడా చేసేదానివి. నాకు నీ దగ్గర మాట్లాడాలంటే భయం."

ఇన్నేళ్ళలో మా అన్నయ్య నాకు చెప్పిన మొదటి సొంతమాట ఇది వదినా. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. టీ కూడా ఇవ్వకుండా పొమ్మన్నాను. వెళ్ళాడు. బస్సు పోయాక గుర్తొచ్చింది, అన్నం తిన్నావా అని కూడా అడగలేదని.

పిల్ల దగ్గరికి వెళ్ళమని నువ్వు మొదలుపెట్టకు. ఆ మెసేజీ పంపాక ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? "నా మనశ్శాంతి దృష్ట్యా" అని రాసుంది అందులో. కడుపుతో ఉన్న కూతురికి ఆఫీసు నోటీసు పంపినట్టు పంపాను.

ఆగస్టు 12

చిన్నదానా,

నీకేం చెయ్యాలో నేను చెప్పను. చెప్పేవాళ్ళు మరీ ఎక్కువైపోయారు. ఇక్కడి కబుర్లు మాత్రం చెబుతాను.

మీ అన్నయ్య తిరిగొచ్చి, మీట నొక్కకుండా, ఒక్కో అక్షరం తడుముకుంటూ తానే రాశారు: "ఈ మాటలు నావి కావు. ఏఐ రాసింది. ఫోటో నాది కాదు. మీ కష్టాలు నేను చదవలేదు. తప్పయింది." ముప్ఫై ఏళ్ళు రాసిన నష్టం రిపోర్టులాగే ఉంది.

జనం చెప్పులు విసురుతారని నేను తలుపు దగ్గర కాపలా కూచున్నాను. ఏం జరిగిందో ఊహించగలవా? చప్పట్లు. "మీ నిజాయితీకి పాదాభివందనం అన్నయ్యా." "ఇంత గొప్ప మనసు ఎవరికుంటుంది." "యంత్రమైతేనేం, మాకు మీరే రాశారు." భక్తులు ఇంకా పెరిగారు. ఒకడు ఆ ఏఐ పేరు చెబితే తన పేజీకి వాడుకుంటానన్నాడు. ఒకావిడ అదే తప్పయింది ముక్కని రంగు రంగుల అక్షరాల్లో వేయించి, కింద ఉదయిస్తున్న సూర్యుణ్ణి పెట్టి పంపింది. మోసం చేశానయ్యా అని మొత్తుకున్నా మోసపోయామని ఒప్పుకోవడానికి సిద్ధంగా లేరు వీళ్ళు. వీళ్ళకి కావలసింది నిజమూ కాదు, అబద్ధమూ కాదు. తల ఊపే ఒక తలకాయ కావాలి.

పేజీ మూసేశారు. నాలుగు రోజుల్లో అదే గడ్డం, అదే శాలువా, 'పెదనాన్న మాట' అని ఇంకెవడో తెరిచాడు. ఫిర్యాదు చేద్దామంటే, ఆ మొహం ఎవరిదని చెప్పాలి?

కాకపోతే అందరూ చప్పట్లు కొట్టలేదు. ఒకామె యంత్రమిచ్చిన జవాబు పట్టుకుని ఉద్యోగం మానేసిందట. ఇంకొకామె అక్కతో కోర్టుకెక్కింది. నంబర్లు ఉన్నవాళ్ళకి మీ అన్నయ్య ఫోన్లు చేస్తున్నారు. ఆయనకి మాట్లాడటం రాదుగా. "నేనండీ. ఆ జవాబు నేను రాయలేదండీ" అంటారు, ఆగిపోతారు. అవతలివాళ్ళు తిడతారు. ఈయన ఫోను పెట్టెయ్యకుండా వింటారు. నేను పక్కన కూచుని మంచినీళ్ళు అందిస్తున్నాను. జాలిపడి కాదు, ఎవరు ఏం తిడతారో విందామని. కొన్ని తిట్లు నాకు కూడా తెలీనివి ఉన్నాయి.

పిల్లకి బట్టలు పంపాను. నీ పేరు మీద పంపలేదు, నా పేరు మీదే పంపాను.

వదిన

ఆగస్టు 30

వదినా,

వెళ్ళాను.

మూడో అంతస్తు. వరండా పొడుగునా తీగ మీద చిన్న చిన్న గుడ్డలు ఆరేసున్నాయి. కొన్ని నువ్వు పంపినవే అనుకుంటాను, ఇస్త్రీ మడతలు కనిపించాయి. గంట నొక్కి, మెట్లు దిగి పారిపోదామా అనుకున్నాను. అంతలో పిల్ల తలుపు తీసింది. భుజాన బిడ్డ. చిక్కిపోయింది, జుట్టు దువ్వుకోలేదు.

"ఎవరు చెప్పారు రమ్మని?" అంది.

"ఎవరూ చెప్పలేదు."

"ఆ మెసేజీ ఎవరు రాసిచ్చారు?"

"మీ మావయ్య పేజీలో ఏఐ."

"తెలుసు. మనశ్శాంతి అన్న మాట నువ్వు జన్మలో అనలేదు. చదవగానే తెలిసింది నువ్వు రాసింది కాదని."

నాకు ప్రాణం లేచొచ్చింది. "తెలిసి కూడా ఫోన్ చెయ్యలేదేమే?" అన్నాను.

"రాసింది ఎవరైతేనేం అమ్మా. పంపింది నువ్వు."

తప్పేనే అన్నాను. అన్నయ్యలాగే, ఒక్క ముక్క. ఆ తర్వాత ఏమనాలో ఎవరూ నాకు రాసివ్వలేదు. గుమ్మంలో అలాగే నిలబడ్డాను. లోపల్నుంచి వాళ్ళ అత్తగారు "ఎవరమ్మా?" అంది. పిల్ల కాస్త ఆగి, "అమ్మ వచ్చిందత్తయ్యా" అంది. పక్కకి జరిగింది.

నీ మీద కోపం పోలేదు, ఆ సంగతి రాస్తున్నాను. ఎవరో అయితే నవ్వొచ్చా అన్నది నేను నిన్ను అడుగుతూనే ఉంటాను. అన్నయ్యకి అన్నం పెట్టకుండా పంపిన సంగతి కూడా నాకు గుచ్చుకుంటూనే ఉంది. ఈసారి వస్తే పెడతానని చెప్పు. మాట్లాడక్కర్లేదని కూడా చెప్పు.

ఇల్లు చిందరవందరగా ఉంది. సోఫా నిండా బట్టలు, సింకు నిండా సీసాలు, ఫ్యాను మీద దుమ్ము. నోరు బిగించుకుని కుర్చీ అంచున కూచున్నాను. అత్తగారు నీళ్ళిచ్చింది. పిల్ల నా ఎదురుగా కూచుని, ఎటో చూస్తూ, బిడ్డని జోకొడుతోంది. మెడ కింద చెయ్యి పెట్టలేదు. చూశాను. చూడనట్టు ఫ్యాను వైపు చూశాను. మళ్ళీ చూశాను. ఇంక ఆగలేక, "అలా కాదే, మెడ కింద చెయ్యి పెట్టాలి" అన్నాను.

అనగానే నాలుక కరుచుకున్నాను.

"మొదలెట్టావా?" అంది నా కూతురు. అని, లేచొచ్చి, బిడ్డని నా ఒళ్ళో పడేసింది. "అయితే నువ్వే పట్టుకో."

నీ ఆడబిడ్డ